వరిగడ్డిపై పుట్టగొడుగులు : పడక శుద్ధి, భోజన విధి

ఏడెనిమిది సంవత్సరముల క్రిందట, శ్రావణ మాసములో ఒక రాత్రి తొమ్మిది గంటల వేళ, మా వీధి చివర నివసించు ఒక ఉద్యోగి తన భార్యను, ఇద్దరు బిడ్డలను ఆటోలో తీసుకొని మా ఇంటికి వచ్చినాడు. నలుగురికిని ఆగని వాంతులు. చిన్నవాడు కడుపు పట్టుకొని మెలికలు తిరుగుచున్నాడు. ఏమి తిన్నారని అడిగితిని.

"పుట్టగొడుగుల కూర అండీ. బజారువి కావు ఆచారిగారూ, మేము పెంచుకొన్నవే" అని ఆయన సమాధానము.

ఆ కుటుంబము చలికాలములో సంచులలో పుట్టగొడుగులు పెంచినమాట నిజమే. మూడు కోతలు కోసిన పిదప ఆ గడ్డిని పెరటిలోని ఎరువు గోతిలో పోసి, దానిపై పేడయు, వంటింటి చెత్తయు వేసినారు. వానలు పడగానే గోతి గట్టున తెల్లని పెద్ద గొడుగులు లేచినవి. మన పంటయే మరల వచ్చినదని సంతోషించి కోసి వండుకొన్నారు. తిన్న రెండు గంటలకు వాంతులు ఆరంభమైనవి.

నేను వారికి కషాయము గాని, గుళిక గాని ఇయ్యలేదు. అదే ఆటోలో ప్రభుత్వ ఆసుపత్రికి పంపినాను. మిగిలిన కూరను ఒక సీసాలో పెట్టి వెంట తీసుకొనిపొమ్మని చెప్పినాను. సెలైను ఎక్కించి రెండు దినములు ఉంచుకొని పంపినారు. నలుగురును క్షేమము. మరునాడు ఆ గోతివద్దకు వెళ్లి, మిగిలిన ఒక గొడుగును కాడ తీసి తెల్లకాగితముపై బోర్లించి, గిన్నె మూసి ఉంచితిని. తెల్లవారుసరికి కాగితముపై పచ్చని పొడి రాలియున్నది. వారు పెంచిన జాతి రాల్చునది తెల్లని పొడి. ఇది వేరు జాతి, విషజాతి.

పుట్టగొడుగులు తినవచ్చునా, ఇంటిలో పెంచవచ్చునా అని నన్ను తరచుగా అడుగుచుందురు. తినవచ్చును, పెంచవచ్చును. కాని ఏ పడకపై పుట్టినది, ఆ పడక ఎట్లు సిద్ధమైనది అను రెండు సంగతులు తెలియక ముట్టరాదు. ఈ వ్యాసములో ఆ పడకను గూర్చియే విశేషముగా వ్రాయుచున్నాను.

శాస్త్రము ఏమి చెప్పినది?

నేను కోనసీమలో గురువుగారి ఇంట ఉండి చదువుకొన్నవాడను. సుశ్రుత సంహిత సూత్రస్థానములో 46వ అధ్యాయము అన్నపానవిధి. అందులో శాకముల వరుసలో ఆచార్యుడు ఛత్రాకములను ఐదు విధములుగా విభజించినాడు. రంగును బట్టి కాదు, ఆకారమును బట్టి కాదు, అవి పుట్టిన చోటును బట్టి. పలాలము అనగా గడ్డిపై పుట్టినవి, చెఱకుపై పుట్టినవి, కరీషము అనగా ఎండు పేడపై పుట్టినవి, వెదురుపై పుట్టినవి, నేలపై పుట్టినవి. వీటిలో గడ్డిపై పుట్టినది మధుర రసము, మధుర విపాకము కలది, రూక్షము, దోషములను శమింపజేయునది అని చెప్పినాడు. పేడపై పుట్టినదియు, వెదురుపై పుట్టినదియు వగరై వాతమును ప్రకోపింపజేయును. నేలపై పుట్టినది గురువు. ఏ నేలపై పుట్టినదో ఆ నేలను బట్టి దానికి అనురసము కలుగును.

ఈ పాఠము చెప్పునాడు నేను, "ఒక్క వస్తువునకు ఐదు గుణములేమిటి గురువుగారూ?" అని అడిగితిని. ఆయన మాటాడక, ఉత్తరీయము సవరించుకొని నన్ను పెరటిలోనికి తీసుకొనిపోయినారు. గడ్డివామి అంచున ఒకటి, పేడదిబ్బపై ఒకటి, వెదురు పొద మొదట మరియొకటి చూపి, "ముట్టకు, చూడు. మూడును ఒక్కటియేనా?" అన్నారు. రంగు వేరు, వాసన వేరు, కాడ వేరు. "చెట్టు ఆకుతో వండుకొని తినును. దీనికి ఆకు లేదురా. పడకయే దీనికి అన్నము" అన్నారు. ధర్మశాస్త్రము నిషేధించినదని గురువుగారు జీవితకాలములో పుట్టగొడుగు రుచి చూచినవారు కారు. అయినను పాఠములో ఒక్క పదము విడువలేదు.

చరకాచార్యుడు మాత్రము ఇంత మెత్తగా చెప్పలేదు. సర్పచ్ఛత్రకము సర్వథా వర్జ్యము, తక్కినవి శీతములు, గురువులు, మధురములు, పీనసమును కలిగించునవి అన్నాడు. భావమిశ్రుడు ఇంకను కఠినుడు. ఈ జాతి యంతయు పిచ్ఛిలమనియు, వాంతి, అతిసారము, జ్వరము, కఫరోగములు కలిగించుననియు చెప్పి, శుభ్రమైన చోట, కట్టెపై, వెదురుపై, ఆవుల దొడ్డిలో పుట్టిన తెల్లనివి మాత్రము అంతగా దోషము చేయవని మినహాయించినాడు. ముగ్గురి మాటలను కలిపి చదివినచో నాకు తోచునది ఇది: వానకు తమంతట తాము మొలిచిన వాటిని గూర్చి పెద్దలు భయపడినారు, పడక తెలిసి శుభ్రమైనదైనప్పుడు కొంత సమ్మతించినారు. సుశ్రుతుడు చెప్పిన పలాలజము నేటి బజారులోని ఫలాన జాతియే అని నేను వాదింపబోను. పడకను బట్టి గుణము అను సూత్రము మాత్రము నేటికిని చెల్లుచున్నది. పుట్టగొడుగునకు హరితము లేదు, ఎండతో ఆహారము చేసికొనలేదు. దారముల వంటి తన బూజును పడకలోనికి చొప్పించి అందులోని సారమును పీల్చును. సారముతోపాటు సీసము, కాడ్మియము వంటి లోహములున్నచో వాటిని కూడ పీల్చి నిలువ చేసికొనును. కావున కర్మాగారముల మురుగు పారు పొలముల గడ్డి, పెద్దరోడ్డు ప్రక్కన ధూళి తిన్న గడ్డి పనికిరాదు.

మన భాషలోని మాటయే చూడుడు. పుట్టగొడుగు. పుట్టలో చెదపురుగులు ఆకులను, పుల్లలను నమిలి, తేనెపట్టువంటి ఒక మెత్తని తోటను కట్టి, దానిపై బూజు పెంచుకొని తినును. తొలకరికి ఆ బూజే పుట్టను చీల్చుకొని గొడుగై లేచును. వ్యర్థమును పక్వము చేసి ఛత్రాకమును పండించు విద్య మనకంటె ముందు చెదలకు తెలియును.

కుళ్లబెట్టవలెనా, అక్కరలేదా?

పాఠకులలో చాలమందికి ఇక్కడ పొరపాటు అభిప్రాయము కలదు. గడ్డిని పేడతో కలిపి కుళ్లబెట్టిన పుట్టగొడుగులు వచ్చునని అనుకొందురు. కొన్నిటికి పక్వము చేసిన ఎరువు కావలెను, కొన్నిటికి పచ్చిగడ్డియే కావలెను. ఇది రోగి అగ్నిబలమును చూచి పథ్యము నిర్ణయించుట వంటిది. మందాగ్ని గలవానికి పేయ, జావ ఇత్తుము. తీక్ష్ణాగ్ని గలవాడు జొన్నరొట్టెను జీర్ణము చేసికొనును.

హోటళ్లలో కనబడు గుండ్రని తెల్లని బొత్తాము పుట్టగొడుగు మందాగ్ని గలది. గడ్డిలోని గట్టి నారను అది స్వయముగ అంతగా జీర్ణించుకొనలేదు. అందుచేత ముందుగా సూక్ష్మజీవులచేత గడ్డిని ఉడికింపవలెను. గోధుమగడ్డి గాని వరిగడ్డి గాని తడిపి, కోళ్ల ఎరువు, తవుడు, కొద్ది యూరియా, జిప్సము కలిపి, మనిషి నిలువెత్తుకు కొంచెము తక్కువగా కుప్ప వేయుదురు. నిప్పు పెట్టకుండగనే కుప్ప నడుమ వేడి 70 డిగ్రీలు దాటును. ప్రతి మూడు నాలుగు దినములకు కుప్పను తిరుగవేసి గాలి తగులనిత్తురు. పాత పద్ధతిలో ఏడెనిమిది తిరుగవేతలతో ఇంచుమించు 28 దినములు పట్టును. ఆరంభమున నత్రజని ఒక పాలు ఉన్నచోట కర్బనము 25 నుండి 30 పాళ్లు ఉండగా, పాకము ముగియుసరికి 16, 17 పాళ్లకు దిగును. అప్పటికి ఎరువు ముదురు గోధుమ రంగునకు వచ్చి, ముక్కును మండించు అమ్మోనియా వాసన పోవును. ఆ వాసన ఇంకను ఉన్నచో పాకము కాలేదన్నమాట. విత్తు చచ్చును, సిరా కారు కలుపు గొడుగులు లేచును.

పైగా ఈ జాతి 14 నుండి 18 డిగ్రీల చల్లదనములోగాని గొడుగు వేయదు. హిమాచల్ ప్రదేశ్‌లోని సోలన్ పట్టణము దీనికి ప్రసిద్ధి. పుట్టగొడుగుల జాతీయ పరిశోధనా కేంద్రము 1983లో అక్కడనే ఏర్పడినది. 1997లో ఆ పట్టణమునకు పుట్టగొడుగుల నగరమని పేరు పెట్టినారు. మన మైదానములలో శీతల యంత్రములున్న షెడ్లలో దీనిని పండింతురు. గృహస్థునకు ఇది తగిన పని కాదు. ఆ కుప్ప దుర్గంధమునకు ఇరుగుపొరుగువారు ఊరకుండరు కూడ.

వరిగడ్డి పుట్టగొడుగు అని వేరొక జాతి కలదు. 1940లలో కోయంబత్తూరులో దీనిని మన దేశములో తొలిసారిగా సాగుచేసినారు. 30 నుండి 35 డిగ్రీల వేడిని కోరును గనుక మన తీరప్రాంతపు వేసవికి సరిపోవును. ఒడిశాలో దీనిపై ఎనలేని మక్కువ. రుచి మిక్కుటము, నిలువ శూన్యము; ఉదయము కోసినది సాయంకాలమునకు కరగిపోవును. దీనిని గ్రుడ్డు వలె మూసియుండగనే కోయుదురు. ఆ దశలో ప్రాణాంతకమైన అమానిటా జాతి కూడ అచ్చముగా అట్లే ఉండును. ఆసియా దేశములనుండి అమెరికాకు వలసపోయినవారు అక్కడి అడవులలో దానిని చూచి తమ ఊరి గడ్డి పుట్టగొడుగే అనుకొని తిని ప్రాణముమీదికి తెచ్చుకొన్నారు. ఆ విషము ఉడికినను పోదు. వాంతులు ఆరు గంటలు, ఒక్కొక్కప్పుడు పండ్రెండు గంటలు దాటిన పిదప మొదలై, నడుమ ఒక దినము తగ్గినట్లుండి, తరువాత కాలేయమును చెడగొట్టును. కూరలో వెండి చెంచా నల్లబడలేదు, వెల్లుల్లి రంగు మారలేదు అను పరీక్షలన్నియు ఒట్టి మాటలు. వాటిని నమ్మరాదు.

మూడవది ముత్యపు చిప్ప పుట్టగొడుగు. బజారులో ఆయిస్టరు అందురు. తీక్ష్ణాగ్ని గలది ఇదియే. ఎండుకట్టెలోని గట్టి నారను సైతము తానే జీర్ణించుకొనును, కుళ్లబెట్టిన ఎరువుతో పని లేదు. 1962లో మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనా సంస్థలో బానో, శ్రీవాస్తవ అను శాస్త్రజ్ఞులు దీనిని వరిగడ్డిపై పండించి చూపినారు. మన ఇండ్లకు తగినది ఇదియే గనుక విధానము వివరముగా వ్రాయుచున్నాను.

గడ్డికి సంస్కారము

సంస్కారముచేత ద్రవ్యమునకు గుణాంతరము కలుగునని మన శాస్త్ర సిద్ధాంతము. ఇక్కడ సంస్కారములు మూడు: నానుట, వేడినీట మునుగుట, ఆరుట. మూడింటిలో ఏది తప్పినను పంట తప్పును.

ముందుగా గడ్డి ఎంపిక. ఆ సంవత్సరపు గడ్డి, పసుపుపచ్చగా మెరయునది, వానకు తడియనిది కావలెను. వామి అడుగు గడ్డి వలదు, నడిమి గడ్డి తీసికొనవలెను. యంత్రముతో కోసిన గడ్డిలో మట్టి, నలిగిన పొట్టు ఎక్కువ. కొడవలితో కోసినది మేలు. చివర ఏ మందు, ఎప్పుడు కొట్టినారో రైతును అడుగుటకు మొగమాటపడరాదు. కోతకు కొద్ది దినముల ముందు మందు కొట్టిన గడ్డిని నేను తీసికొనను. యంత్రములు వచ్చిన పిదప అనేక చోట్ల గడ్డిని పొలములోనే తగులబెట్టుచున్నారు. అడిగినచో రెండు మోపులు సంతోషముగ ఇత్తురు.

గడ్డిని రెండంగుళముల ముక్కలుగా నరికి, పలుచని గోనెసంచిలో నింపి, మంచినీటిలో రాత్రియంతయు నాననీయవలెను. ఉదయము ఆ నీటిని పారబోసి, సంచిని వ్రేలాడగట్టి నీరు కార్చి, వేడినీటి కాగులో మునుగునట్లు బరువు పెట్టవలెను. నీరు 70 డిగ్రీలకు తగ్గక, 80 డిగ్రీలకు మించక ఒక గంట ఉండవలెను. ఉష్ణమాపకము లేనివారికి గురుతు: నీరు తెర్లరాదు, అడుగున సన్నని బుడగలు కదలుచు ఆవిరి దట్టముగా లేచుచుండవలెను. తెర్లించినచో గడ్డి మెత్తబడి జిగట విడచి త్వరగా పులియును.

తరువాత శుభ్రమైన గుడ్డపై నీడలో ఆరబెట్టవలెను. ఎంతవరకు? గుప్పెడు గడ్డి తీసికొని గట్టిగా పిండినచో చేయి తడియగా తగలవలెను, చుక్క మాత్రము రాలరాదు. కొత్తవారిలో ఎక్కువమంది పొరపడునది ఇక్కడనే. తడి ఎక్కువైన గడ్డి గాలియాడక సంచి అడుగున పులిసిన వాసన కొట్టును.

జొన్నగింజలపై పెంచిన విత్తును స్పాను అందురు. కృషి విజ్ఞాన కేంద్రములలో, వ్యవసాయ విశ్వవిద్యాలయములలో అడిగి తెచ్చుకొనవలెను. కిలో ఎండుగడ్డికి నూరు గ్రాముల విత్తు చాలును. చేతులు సబ్బుతో కడుగుకొని, పాలిథీన్ సంచిలో నాలుగంగుళముల గడ్డి, అంచు వెంబడి కొద్ది విత్తు, మరల గడ్డి, మరల విత్తు, ఇట్లు నాలుగైదు వరుసలు నొక్కి నింపి మూతి కట్టవలెను. కాల్చి చల్లార్చిన దబ్బనముతో చుట్టును ఇరువది చిన్న రంధ్రములు చేయవలెను. చీకటి గదిలో 15 నుండి 20 దినములలో సంచి యంతయు పాలు పోసినట్లు తెల్లబడును. అప్పుడు సంచి కోసి తీసివేసి, పడకను ఉట్టిలో వ్రేలాడదీసి, అక్షరములు కనబడునంత వెలుతురు, ధారాళమైన గాలి ఉండునట్లు చూచి, దినమునకు రెండు మూడు పర్యాయములు నీరు తుంపరగా చల్లవలెను. వారము లోపల చిన్న మొగ్గలు కనబడి, మూడు నాలుగు దినములలో కోతకు వచ్చును. ఏడు నుండి పది దినముల ఎడముతో మూడు కోతలు. కిలో ఎండుగడ్డికి అన్నియు కలిపి అరకిలో నుండి ముప్పాతిక కిలో వచ్చినచో మంచి పంటయే. మన మైదానములలో కార్తీకము నుండి మాఘము వరకు అనువైన కాలము.

గడ్డి శుద్ధికి నూరు లీటర్ల నీటిలో ఏడు గ్రాముల కార్బెండజిమ్, 125 మిల్లీలీటర్ల ఫార్మలిన్ కలిపి నానబెట్టమని అనేక కరపత్రములలో ఉన్నది. క్వింటాళ్ల కొలది గడ్డి శుద్ధిచేయు షెడ్లవారికి వంటచెరకు కలిసివచ్చునేమో. రెండు మూడు కిలోల గడ్డి పెట్టుకొను ఇల్లాలికి ఆ అవసరమేమి? ఫార్మలిన్‌లో ఉన్న ఫార్మాల్డిహైడును క్యాన్సరు కలిగించు ద్రవ్యమని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనా సంస్థ 2004లో నిర్ధారించినది. కళ్లు మండించు ఆ ఆవిరిని పిల్లలున్న ఇంటిలోనికి తేరాదు. ఇంటికి వేడినీరే సరి.

నేను చేసిన తప్పులు

ఇంత చెప్పుచున్న నేను మొదటి రెండు పర్యాయములును చెడగొట్టుకొన్నాను. మొదటిసారి పొరుగువారి వామి అడుగున వానకు తడిసి ఆరిన గడ్డిని, ఊరకే వచ్చినది గదా అని తెచ్చితిని. ఆరవనాటికి సంచి లోపల సున్నము చల్లినట్లు తెలుపు, దానిపై పచ్చని పొడి. అది వేరు బూజు. ఆ సంచిని తెరువకుండ ఊరి వెలుపల పాతిపెట్టినాను.

రెండవసారి పాండిత్యము అడ్డుపడినది. కరీషముపై కూడ ఛత్రాకము పుట్టునని చదువుకొన్నవాడను గదా! గడ్డికి ఎండుపేడయు, తవుడును కలిపినచో బలమెక్కువగునని తలచితిని. మూడవనాడు సంచిపై చేయి వేయగా జ్వరమువచ్చిన బిడ్డ ఒళ్లువలె కాలుచున్నది. నత్రజని ఎక్కువై లోపల కుళ్లుట ఆరంభమైనది, ఆ వేడికి విత్తు చచ్చినది. రెండు వారములకు సన్నని కాడలతో బూడిదరంగు గొడుగులు లేచి, మధ్యాహ్నమునకే నల్లని సిరావలె కారిపోయినవి. తీక్ష్ణాగ్ని గలవానికి జావపోసి చెరిపితిని.

మూడవసారి పంట చక్కగా వచ్చినది. దానితో వచ్చిన అనర్థము మొదటి రెండింటికంటె పెద్దది. సంచులను పడకగదికి ఆనుకొనియున్న సామాను గదిలో వ్రేలాడదీసితిని. నెల తిరుగకముందే నా భార్యకు తెల్లవారుజామున పొడిదగ్గు, ఆయాసము, సాయంకాలము నలతజ్వరము పట్టుకొన్నవి. మంచు పడినదని వాసారిష్టము, తాళీసాది చూర్ణము మూడు వారములు ఇచ్చితిని. తగ్గలేదు. రాజమండ్రిలో చెల్లెలి ఇంట శుభకార్యమునకు వెళ్లి ఐదు దినములు ఉండగా మందు లేకయే దగ్గు పోయినది. తిరిగివచ్చిన రాత్రియే మరల ఆరంభమైనది. అప్పుడామె, "ఏమండీ, నాకు తరువాత ఇత్తురుగాని, ముందు ఆ గదికి మందు వేయండి" అన్నది.

దీపము పట్టుకొని వెళ్లి చూడగా అరలపై, డబ్బాల మూతలపై సన్నని తెల్లని పొడి. ముదిరిన చిప్పలు రాల్చిన బీజధూళి. నలుబది ఏండ్లుగా రోగులకు నిదాన పరివర్జనము బోధించు నాకు స్వగృహములోని నిదానము కనబడలేదు. ఆ రాత్రియే సంచులన్నియు పశువులపాకకు తరలించి, గదిని తడిగుడ్డతో తుడిపించితిని. ఊపిరితిత్తుల వైద్యునికి చూపించి ఛాయాచిత్రము తీయించితిని. లోపల చెరుపు జరుగలేదు. పదునైదు దినములలో ఆమె కోలుకొన్నది. పుట్టగొడుగుల షెడ్లలో పనిచేయువారికి ఈ వ్యాధి కలుగుట ఆధునిక వైద్యులు ఎరిగినదే. ధూళి పీల్చిన నాలుగు నుండి ఎనిమిది గంటలకు దగ్గు, చలి, జ్వరము, ఆయాసము కనబడును. పట్టించుకొనక యేండ్ల తరబడి పీల్చినచో ఊపిరితిత్తులు గట్టిపడును. చరకుని పీనస శబ్దము నాకు అప్పుడు జ్ఞప్తికి వచ్చిన మాట నిజము. ఆయన చెప్పినది తినుటను గూర్చి గనుక దానిని దీనికి సాక్ష్యముగా చూపను.

కావున పడకలను నివసించు గదులలో పెట్టరాదు. వరండాయో, పాకయో, గాలియాడు చావడియో కావలెను. చిప్ప అంచు ఇంకను క్రిందికి వంగియుండగనే కోయవలెను; అంచు పైకి లేచినదనిన ధూళి రాలుట మొదలైనదన్నమాట. కోయునపుడు ముక్కునకు, నోటికి మూడు మడతల తడిగుడ్డయో, మంచి మాస్కో కట్టుకొనవలెను. ఉబ్బసమున్నవారు ఈ పని చేయనేరాదు.

భోజన విధి

నూరు గ్రాముల తాజా పుట్టగొడుగులలో తొంబది వంతులు నీరే. మాంసకృత్తులు మూడు గ్రాములు. ఇది కందిపప్పునకు ప్రత్యామ్నాయమని చెప్పు ప్రకటనలను నమ్మవలదు. మధుమేహము, క్యాన్సరు కుదుర్చునను మాటలు నేనెన్నడును చెప్పను. పీచు గల, క్రొవ్వు లేని శాకముగా దీనికి తగిన గౌరవము దీనికి కలదు. వండుటకు ముందు మధ్యాహ్నపుటెండలో గీతలున్న వైపు పైకి ఉండునట్లు అరగంట పరచినచో విటమిన్ డి వృద్ధియగును. ఎండ మొగము చూడని ఉద్యోగుల ఇండ్లలో ఇది లెక్కింపదగిన లాభమే.

పచ్చిగా తినరాదు. గురువు, శీతము, పిచ్ఛిలము అని పెద్దలు చెప్పిన మూడు గుణములకును వంటలోనే విరుగుడు కలదు. నువ్వులనూనెలో వెల్లుల్లి, అల్లము, మిరియముల పొడి వేసి, పుట్టగొడుగు విడచిన నీరు పూర్తిగా ఇగురువరకు వేయింపవలెను. ఆ నీరు ఇగురకముందే దించుట వలననే ఎక్కువమందికి కడుపుబ్బరము. వారమునకు రెండు పర్యాయములు, మనిషికి గుప్పెడు చాలును. మొదటిసారి తినువారు రెండు ముక్కలు తిని ఒక దినము ఆగి చూడవలెను. జ్వరము, కఫము, ఆమవాతము ఉన్న దినములలోను, వాతరక్తము గలవారును, రాత్రి ప్రొద్దుపోయిన భోజనములోను మానుట మంచిది. కోసిన దినముననే వండవలెను. జిగట పట్టినది, పుల్లని వాసన వేసినది పారవేయవలెను.

కోతలు ముగిసిన గడ్డిని వృథా చేయనక్కరలేదు. పుట్టగొడుగు నమిలి వదలిన గడ్డి సగము జీర్ణమైనది గనుక వానపాముల ఎరువునకు, పూలమొక్కల పాదులకు శ్రేష్ఠము. మా ఇంట దీనిని పేడతో కలిపి మూడు మాసములు మగ్గనిచ్చి కరివేపాకు చెట్టునకు, నిమ్మచెట్టునకు వేయుదుము. గోతిని రెండంగుళముల మట్టితో కప్పెదము. అయినను వానలకు ఆ పాదులలో ఏవో గొడుగులు లేచుచునే యుండును, వాటిలో తెల్లనివి, చూపునకు ముచ్చటైనవి కూడ ఉండును. వాటిని మా మనుమలు చేతితో ముట్టకుండ ఉదయముననే చేతికి సంచి తొడుగుకొని పెరికి మట్టిలో పూడ్చుట నా పని.